సిగ్గరి జంతువుకో ఇల్లు

పనాయ్ దీవిలో, కొండ దిగువన ఉన్న మా బడిలో, ఆ వారం నాలుగో తరగతి గది నిండా జంతువులే. అన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి.

లేని జూకి ఇళ్ళు కట్టండని పిల్లలకి పని ఇచ్చింది నేనే. జంతువు ఏదైనా సరే, కల్పించిందైనా సరే. అది ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎవరికీ కనపడకూడదనిపిస్తే ఎక్కడికి పోతుంది? ఈ మూడింటికీ జవాబులు రాసి పెట్టెకి అతికించాలి. మూడో ప్రశ్న శిక్షణలో ఇచ్చిన పుస్తకంలోంచి ఎత్తి రాశాను. రాసేటప్పుడు దాని గురించి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

పిల్లలూ ఆలోచించలేదు. రెక్కల గేదెకి ఊచల బోను, రెండు తలల మొసలికి గాజు తొట్టి, బోనుల ముందు టికెట్ల కిటికీ, వేయించిన అరటిపళ్ళ బండి. జెనాలిన్ పెట్టె ఒక్కటే వేరుగా ఉంది. ఊచలు లేవు. చేపల డబ్బాలొచ్చే పెట్టెకి మూత పెట్టి, ముందు నల్లగుడ్డ తెర కట్టింది. లోపల ఎండుగడ్డి, అటు తిరిగి పడుకోడానికి ఒక చీకటి మూల. జంతువు బొమ్మ మాత్రం లేదు.

శుక్రవారం సూపర్‌వైజర్ గల్యేగో సారు వచ్చాడు. ఆయన మెచ్చిన జూ జిల్లా ప్రదర్శనకి వెళ్తుంది, వెళ్తే నాకు ప్రమోషన్ వస్తుంది. పదకొండేళ్ళుగా దానికోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాను.

ఆయన జెనాలిన్ పెట్టె దగ్గర ఆగాడు. "ఇందులో ఏముంది, ఇందాయ్?" అన్నాడు. మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తాం.

"తెలీదు సార్. నేనింకా చూళ్ళేదు. దానికి సిగ్గెక్కువ."

క్లాసంతా గొల్లుమంది. ఆయన నావైపు తిరిగాడు. "ఏం మేడమ్, మీరు చెప్పేది సైన్సా, దెయ్యాల కథలా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలో ఆ పిల్ల మీద ఎంత కోపమొచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. పుట్ట పక్కనుంచి నడిచినా 'కాస్త దారివ్వండి' అని కనపడనివాళ్ళని అడిగే ఊరు మాది. అదేమీ గుర్తు రాలేదు.

"ఉండండి సార్, మహారాణీగారి పరదా తీసి దర్శనం చేసుకుందాం!" అని నవ్వుతూ తెర పీకేశాను.

"వద్దు మేడమ్," అంది జెనాలిన్.

మూత కూడా చింపేశాను. పెట్టె ఖాళీ. తడిసి ఆరని జుట్టు వాసన గుప్పుమంది, అంతే.

"చూశారా? ఏమీ లేదు!" పెట్టెని తలకిందులు చేసి దులిపాను. గడ్డి రాలింది. పిల్లలు మళ్ళీ నవ్వారు. ముందు వరస వాళ్ళ నవ్వు ముందు ఆగింది. తర్వాత రెండో వరస... తర్వాత అందరిదీ. వాళ్ళు పెట్టె వైపు చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు.

తిరిగి చూశాను. నల్లబల్ల ఉంది. సారు తల వంచుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

సాయంత్రం వాన పట్టుకుంది. అందరూ వెళ్ళాక జెనాలిన్ నేల మీద గడ్డి ఏరుకుంటోంది.

"కోపమొచ్చిందా అమ్మా?"

"మెల్లిగా మాట్లాడండి మేడమ్," అని గుసగుసగా అంది. "అది మొన్నటిదాకా నా వెనక ఉండేది. ఇల్లు కడితే అందులోకి పోయింది. నలుగురూ చూస్తే దానికి సిగ్గు. సిగ్గేస్తే ఎవరో ఒకళ్ళ వెనక దాక్కుంటుంది."

"ఇప్పుడెవరి వెనక ఉంది?"

జెనాలిన్ గడ్డి గౌనులో పోసుకుని నా ముందునుంచే తలుపు దాకా నడిచింది. నా వెనకనుంచి అయితే దగ్గర దారి.

గొడుగు వేసుకుని ఇంటికి బయల్దేరాను. సగం దారిలో వాన చప్పుడు తేడాగా వినిపించింది. ముందు వైపు చినుకులు రోడ్డు మీద పడుతున్నాయి. వెనక... వెనక రోడ్డు మీద కాదు. దేనిమీదో పడుతున్నాయి. నేను ఆగాను. ఆ చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. మెడ మీద తడి ఊపిరి. పరిగెత్తాను.

శనివారం బిస్కెట్ల పొట్లం పట్టుకుని జెనాలిన్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మమ్మ పూరింగ్ గుమ్మంలోకి వచ్చింది.

"రండి మేడమ్," అంది. తర్వాత నా వెనక్కి చూసి, కుక్కని అదిలించినట్టు, "నువ్వక్కడే ఉండు," అంది.

పిల్ల జ్వరంతో చాప మీద పడుకుని ఉంది. వంటింట్లో కూర్చుని, తప్పయిపోయిందని ఏడ్చాను.

"నలుగురిలో చేసినదానికి వంటింట్లో క్షమాపణా?" అంది ముసలమ్మ. "పిల్ల ఏ మొహం పెట్టుకుని బడికి రావాలి? ఆ నలుగురిలోనే చెప్పండి. మర్నాడే పంపిస్తాను."

"సోమవారం చెప్తాను. బాల యేసు మీద ఒట్టు."

చాప మీంచి జెనాలిన్ సన్నగా అంది. "చెప్పకపోతే అది ఇంకా సిగ్గుపడుతుంది మేడమ్. మళ్ళీ నన్నే వెతుక్కుంటూ వస్తుంది."

సోమవారం పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ మడత కాయితం ఇచ్చాడు. "పూరింగమ్మ సంతకి పోతూ ఇచ్చింది మేడమ్." పైన జెనాలిన్ గుండ్రటి రాత. చెప్పాల్సింది చెప్పకుండా చదవడానికి మొహం చెల్లలేదు. చెప్పాక చదువుదామని జేబులో పెట్టుకున్నాను.

క్లాసులో గల్యేగో సారు అప్పటికే వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. "శుభవార్త మేడమ్. మీ జూనే పంపుతున్నాం. ఆ ఖాళీ పెట్టె తీసేశారుగా?"

"తీసేశాం సార్."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! తర్వాత నిజం చెబుదామని నిలబడ్డాను. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. ఒక్క వాక్యం చాలు. పిల్లలూ, ఆ రోజు తప్పు నాది... ఆ మాట అనకుండా హాజరుపట్టీ తీశాను.

ఒక్కొక్క పేరే పిలుస్తూ, అలవాటుకొద్దీ "జెనాలిన్" అన్నాను.

"ప్రెజెంట్ మేడమ్."

నా వెనకనుంచి... జెనాలిన్ గొంతు.

ఒక్క పిల్లా కదల్లేదు. సారు మాత్రం నా భుజం పక్కనుంచి చూసి నవ్వాడు. "మేడమ్ వెనక దాక్కున్నావేం ఇందాయ్? వెళ్ళి కూర్చో."

తడి కాళ్ళు నా పక్కనుంచి వెళ్ళాయి. కుర్చీ జరిగింది. నేను తల ఎత్తలేదు. సారు చూస్తున్నాడు. జెనాలిన్ పేరు ఎదురుగా హాజరు గుర్తు పెట్టాను.

ఆ రోజంతా నల్లబల్ల వైపు తిరిగే పాఠం చెప్పాను. సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్తాను. మూడు రోజుల్లో మొదటిసారి నా వీపు తేలికపడింది. హాయిగా అనిపించింది.

బెల్లు కొట్టారు. పిల్లలు గది ఖాళీ చేసేదాకా బల్ల మీది సుద్దముక్కలు సర్దుతూ ఉండిపోయాను. చప్పుడు సద్దుమణిగాక కాయితం విప్పాను.

"మేడమ్, నాకు జ్వరం తగ్గలేదు, ఇవాళ రాలేను. మీరు అందరిలో చెప్తారని నాకు తెలుసు. ఒకవేళ చెప్పలేకపోతే, నాలాగా ఎవరైనా బడికొస్తే, సాయంత్రం మా ఇంటికి మాత్రం పంపకండి. అమ్మమ్మ సంతనుంచి రేపటిగ్గానీ రాదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను."

చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరిగెత్తాను. కొండదారి ఖాళీగా ఉంది. వాచ్‌మన్ గేటు మూస్తున్నాడు.

"జెనాలినా? అందరికంటే ముందు పరిగెత్తింది మేడమ్," అన్నాడు. "ఎందుకే అంత తొందరని అడిగితే, మేడమే పంపించారు అంది."