ఇంకో బార

నల్లప్ప దాచిన వైరు ఎవరికీ దొరకదు. ఈ మాట ఆయన గొప్పకు చెప్పుకునేది కాదు, ఇంటివాళ్ళ మీద గౌరవంతో చెప్పేది. గోడ మీద వైరు కనపడడమంటే పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు బనియను కనపడినట్టని ఆయన లెక్క. అందుకే హోం థియేటర్ బిగించిన ప్రతి ఇంట్లోనూ వైర్లను గోడలో, నేలలో, తలుపు చట్రం వెనక, వీలున్న చోటల్లా మాయం చేసేవాడు. ఏది ఎటు పోయిందో కాగితం మీద గీసేవాడు కాదు. గీసి పెడితే ఇక దాచినట్టెట్లా? టేపూ వాడేవాడు కాదు. రెండు చేతులూ చాపితే ఒక బార. దేవుడిచ్చిన కొలత ఉండగా ఇంకోటి కొనడం దేవుణ్ణి అనుమానించడమే.

రేడియోలు విప్పి, బిగించి, చివర్లో మిగిలిన మరలను డబ్బాలో వేసుకుంటూ తనంతట తాను నేర్చుకున్న పని అది. డబ్బా నిండి చాలాకాలమైంది.

ఈ పద్ధతిలో ఒకటే చిక్కు. దాచిన వైరు ఆయనకూ దొరకదు.

ఆ సంగతి యాడికి ఊరి శివార్లలో, బయ్యన్న ఇంట్లో, ఏప్రిల్ ఎండలో, మధ్యాహ్నం ఒంటిగంటకు తేలింది. ఆ ఇంటి వెనక గదిలో థియేటర్ బిగించింది ఆరేళ్ళ కింద నల్లప్పే. కిటికీ లేని గది. గోడలకు నల్లగుడ్డ, నేలకు నల్ల కార్పెట్. పనికోసం మెయిను ఆపేస్తే పట్టపగలు కూడా చెయ్యి చూసుకోవాలంటే టార్చి కావాల్సిందే.

"మిషను ఆపేసినా ఆ బాక్సు మాట్లాడతాండాదంటప్పా," అన్నాడు బయ్యన్న, వెనక కుడి మూల గోడకున్న స్పీకరును చూపిస్తూ.

"ఎవురు చెప్పినారన్నా?"

"మాయమ్మ."

బయ్యన్న తల్లి సుబ్బలక్ష్మమ్మ అక్కడే ఉంది. ఆ మూలలో, కార్పెట్ మీద, గోడకు తల ఆనించి కూర్చుంది. టార్చి వెలుగు మొహం మీద పడినా కళ్ళు ఆర్పలేదు. ఎవరో చెప్పేది మధ్యలో ఆగకూడదన్నట్టు చెయ్యెత్తి నల్లప్పను ఆగమంది.

బయ్యన్న ఆయన్ను బయటికి తీసుకొచ్చి గొంతు తగ్గించాడు. "మా నాయన మాట్లాడతాండాడంట. మూడు దినాలాయె, ఆడనుంచి లేయదు. సంగటి ముట్టదు. నీళ్ళిస్తే, ఆయప్ప తాగినాక తాగుతా అంటాది. ఈ ఎండలకు ఇంగో దినం ఇట్లే ఉంటే మాయమ్మ నాకు దక్కదు నల్లప్పా."

"బాక్సు పెరికేస్తే సరిపాయె గదన్నా."

"పెరికినా. మాయమ్మ ఆ వైరు కొస నోట్లో పెట్టుకోని కూచుండె. మళ్ళా తగిలించినా. ఆ పాత వైరు యాడుందో చూసి తెగ్గొట్టు. కొత్తది లాగి బాక్సుకియ్యి. బాక్సు ఉండల్ల, పాట రావల్ల, మాట రాగూడదు. ఈ పొద్దే."

"ఎర్తింగు తక్కువుంటే అట్లే గొణుగుతాదన్నా," అన్నాడు నల్లప్ప. తనకు తెలియని ప్రతి దానికీ ఆయన చెప్పే జవాబు ఎర్తింగే. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఎదురు చెప్పలేదు.

బయ్యన్న నాయన వీరప్ప సంగతి యాడికిలో అందరికీ తెలుసు. ఆయన వేయించిన బోర్లలో ఎనిమిదోది, ఆఖరుది, సరిగ్గా ఈ గది ఉన్న చోటే ఉండేది. అప్పుడది పెరడు. ఎనిమిది వందల నలభై అడుగులు. మొదటి నెల నీళ్ళిచ్చింది, రెండో నెల గాలి వదిలింది. మోటరును ఇంకా కిందికి దింపబోతే మధ్యలో ఇరుక్కుంది. "ఇంకో రెండు పైపులు దింపండప్పా, తగుల్తాది," అని ముసలాయన బతిమాలినా పనివాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన రోజూ మధ్యాహ్నం ఆ బోరు గొట్టానికి చెవి పెట్టి కూర్చునేవాడు. అడుగున నీళ్ళు పారుతున్న సద్దు వినిపిస్తుందని చెప్పేవాడు. ఒకరోజు అట్లా చెవి ఆనించినవాడు ఆనించినట్టే చల్లబడిపోయాడు. గొట్టం మీద బండ వేసి, దాని మీద గది కట్టారు.

నల్లప్ప పని మొదలుపెట్టాడు. వైర్ల జాడ పట్టే మిషను ఒకటుంది ఆయన దగ్గర. దాని పెట్టెను వైరు కొసకు తగిలించి, పుల్లలాంటి దాన్ని గోడ వెంట జరిపితే, లోపల వైరున్న చోట అది కీచుకీచుమంటుంది. మిషను ముందువైపు కుడి గోడ దగ్గర రెండడుగుల పాటు కీచుమని ఆగిపోయింది. గోడ పొడవునా జరిపాడు. చప్పుడు లేదు. పైన చూశాడు. కింద చూశాడు. గుడ్డ విప్పి ఒక కంత పెట్టాడు. ఇటుక. ఇంకో కంత పెట్టాడు. ఇంకో ఇటుక. చెమట కళ్ళలోకి కారుతోంది. గది నిండా ఎండకు మగ్గిన స్పాంజి వాసన.

"ఏ నాకొడుకు పెట్టినాడప్పా ఈ వైరు!" అని గట్టిగా తిట్టుకున్నాడు. మూలనుంచి సుబ్బలక్ష్మమ్మ, "నువ్వే గదా అబ్బీ," అంది నింపాదిగా.

మూడో కంత పెట్టబోతూ ఆగాడు. గుర్తొచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

ఆరేళ్ళ కింద ఆయన వచ్చేసరికి కుడి గోడకు పూత అయిపోయింది. గోడలో వైరుకు పైపు వేయడం మర్చిపోయారు. గోడ మళ్ళీ పగలగొట్టమంటే మేస్త్రీతో గొడవ. వైరేమో చాల్లేదు. అప్పుడు ముందు గోడలో, ఒకప్పుడు బోరు మోటరు స్టార్టరు ఉన్న చోట, పాత కేబులు కొస కనిపించింది. అది నేల కిందుగా వెనక మూలలోని బోరు దాకా పోతుంది. సిద్ధంగా ఉన్న వైరు! స్పీకరు వైరును దానికి ముందువైపు ముడేశాడు. వెనక మూలలో బండ పక్కన కేబులు తోలు గీసి, అక్కడినుంచి ఇంకో ముక్క స్పీకరుకిచ్చాడు. బోరులోకి దిగే భాగాన్ని అక్కడే కోసి పారేయాలి. కోయలేదు. ఆ రోజు కటింగ్ ప్లయరు ఇంట్లో మర్చిపోయాడు. పాట బాగానే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

అంటే ఆరేళ్ళుగా ఆ స్పీకరు వైరు ఒక కొస వీరప్ప బోరులో ఉంది.

"అమ్మా, రవ్వంత జరగల్ల," అన్నాడు. ఆమె జరిగింది, ముడుచుకున్న పిల్లిలా. కార్పెట్ ఎత్తాడు. ఒక టైలు కొడితే డొల్లగా పలికింది. ఉలి పెట్టి లేపాడు. కింద బండ, బండకూ గొట్టానికీ మధ్య సందు, సందులోంచి దిగుతున్న కేబులు, పక్కన తను వేసిన ముడి.

సందులోంచి వాసన వచ్చింది. బోరు వేసేటప్పుడు రాతిపొడి ఎగిరి ఎగిరి, నీళ్ళు తగలగానే బురదై పడుతుందే... ఆ వాసన. తడిసిన రాతి వాసన. ఆ ఊళ్ళో ఎవరికైనా ఆ వాసన వస్తే చేతులెత్తి మొక్కుతారు. నల్లప్ప మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముందు ఈ ముడి ఆ స్పీకరుదేనా కాదా తేల్చుకోవాలి. దానికొక కిటుకుంది. సంచిలో విడిగా ఉండే టార్చి సెల్లును వైరుకు తాకిస్తే స్పీకరు "టప్" మంటుంది. తాకించాడు.

గోడమీద స్పీకరు. టప్.

సరే అనుకున్నాడు.

కింద, గొట్టంలో... చాలా కింద. టప్.

మళ్ళీ తాకించాడు, రెండుసార్లు. పైన రెండు. కింద రెండు. ప్రతిధ్వని అనుకున్నాడు. ఎర్తింగు అని కూడా అనుకోబోయాడు, కానీ ఆ మాట నాలుక మీదికి రాలేదు. మూడుసార్లు తాకించాడు. పైన మూడు.

కింద మూడు... తర్వాత ఇంకోటి.

సెల్లు ఆయన జేబులోకి వెళ్ళిపోయింది.

"ఇంకో రెండు పైపులంటాండాడు," అంది సుబ్బలక్ష్మమ్మ గుసగుసగా. "నీకు వినపడలేదా?"

నల్లప్పకు వినపడలేదు. వినపడే దాకా ఉండే ఉద్దేశమూ లేదు. ముందు కొత్త వైరు లాగాలి, తర్వాత పాతది కోయాలి, తర్వాత బైకెక్కాలి. తొంభై మీటర్ల కొత్త చుట్ట విప్పాడు. చేతులు చాపి ఎనిమిది బారలు కొలిచి చాకుతో కోశాడు. గోడ అంచు వెంట పరిచాడు. మూల దాటి గోడమీది స్పీకరు దాకా ఎత్తేసరికి ఒక బార తక్కువ.

తిట్టుకున్నాడు. ఇంకో బార ముక్క కలిపి ముడేశాడు. మళ్ళీ ఒక బార తక్కువ.

ఇంకోటి కలిపాడు. తక్కువ. మూడోదీ కలిపాడు. తక్కువ.

ఎండకు చేతులు కుదించుకుపోయాయా ఏమిటి! మోకాళ్ళ మీద పాకుతూ ముందు గోడనుంచి వెనక మూల దాకా వైరును తడుముకుంటూ వచ్చాడు. వైరు సాఫుగానే ఉంది. ముళ్ళు మూడు ఉండాలి. ఒకటే ఉంది. మిగతా రెండు ముళ్ళు... మూలలో సందు అంచుకు ఉన్నాయి. ఒకటి చూస్తుండగానే లోపలికి జారింది.

ఎలుక, అనుకున్నాడు. ఎలుకలు లాగుతాయి. లాగుతాయి కదా.

ఇక ముందూ వెనకా వద్దు, కోసేయడమే. మోటరు కేబులు చాకుకు తెగదు. ప్లయరు కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. లేదు. బైకు డబ్బాలో ఉండిపోయింది. ఆరేళ్ళలో ఆయన బుద్ధి పెరిగింది ఇంతే, ఇంట్లో మర్చిపోయేవాడు వాకిట్లో మర్చిపోయే స్థాయికి వచ్చాడు.

బయటికి పరిగెత్తాడు. ఎండ కళ్ళలో కొట్టింది. బయ్యన్న చెంబుతో నీళ్ళు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "అయిపాయనా?" అన్నాడు.

"అయిపోతాండాదన్నా," అని ప్లయరు తీసుకుని వెనక్కి వచ్చాడు. మహా అయితే రెండు నిమిషాలు.

టార్చి వేశాడు.

సుబ్బలక్ష్మమ్మ సందు ముందు మఠం వేసుకుని కూర్చుంది. వైరు చుట్ట ఒళ్ళో ఉంది. బావిలోకి చేద వదిలినట్టు రెండు చేతులతో నెమ్మదిగా వైరును సందులోకి వదులుతోంది. చుట్ట గిరగిర తిరుగుతోంది. యాభై బారల చుట్ట తరిగి లోపలి అట్ట గుండ్రం కనపడుతోంది.

"అమ్మా! ఏం చేస్తాండావు?"

"అడుగుతాండాడు... ఇస్తాండా."

చుట్ట అయిపోయింది. ఖాళీ గుండ్రం ఆమె ఒళ్ళోంచి దొర్లి పక్కన పడింది. వైరు మాత్రం ఆగలేదు. దాని కొస ఆమె ముంజేతికి మూడు చుట్లు చుట్టి, గట్టిగా కట్టి ఉంది. గాజుల మధ్య.

వైరు బిగిసింది.

ఆమె చెయ్యి చాచింది. చాచిందో, చాచబడిందో. భుజం వంగింది. నడుము వంగింది. చెంప బండకు తగిలింది... చెయ్యి మోచేతి దాకా సందులోకి పోయింది. గాజులు ఒకటొకటే బండకు కొట్టుకుని పగులుతున్నాయి. ఆమె మొహంలో నొప్పి లేదు. వినేవాళ్ళ మొహం అది.

నల్లప్ప బోర్లా పడి, ఆమె చెయ్యి వెంటే తన చెయ్యి సందులోకి దూర్చాడు. వేళ్ళకు వైరు తగిలింది. వీణ తీగలా బిగిసి ఉంది. అవతల ఉన్నది ఎలుక కాదు. ఎలుక అట్లా లాగదు... ఓపికగా, బారబారకూ ఊపిరి తీసుకుంటూ.

ప్లయరు నొక్కాడు. తెగలేదు. రెండు చేతులా నొక్కాడు.

తెగింది.

కిందికి, కిందికి, చాలాసేపు వైరు గొట్టానికి రాసుకుంటూ పోయిన సద్దు. అడుగున పడిన సద్దు రాలేదు.

పాత కేబులు కూడా కోశాడు. స్పీకరును గోడనుంచి పెరికేశాడు. బయ్యన్న పరిగెత్తుకొచ్చి తల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. ఆమె ముంజేతికి మిగిలిన వైరు ముక్కను చూసుకుంది.

"ఇంకో బార ఉండింటే సాలు," అంది. "తగిలేది."

"అమ్మా, నీళ్ళు తాగు," అన్నాడు బయ్యన్న. చెంబు ఆమె ముందు పెట్టాడు.

ఆమె నల్లప్ప వైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి కళ్ళు ఆర్పింది. "సరేలే. మిగిలింది ఈ అబ్బి ఇస్తాడంట."

చెంబు ఎత్తి, గటగటా తాగేసింది. అడుగున చుక్క లేకుండా.

"ఏమైందప్పా?" అన్నాడు బయ్యన్న, బండ పక్కన ఎత్తి పెట్టిన టైలు చూస్తూ.

"ఎర్తింగన్నా," అన్నాడు నల్లప్ప.

మర్నాడే ఆ సందును కాంక్రీటుతో పూడ్చేశారు. ముసలామె సంగటి తింటోంది, కోడళ్ళను తిడుతోంది, ఆ గది వైపే పోదు. ఆమెకు ఇప్పుడు ఏ బెంగా లేదని బయ్యన్న ఫోనులో చెప్పాడు. నల్లప్ప ప్లయరు నోటికి తెల్లటి రాతిబురద అంటుకుని ఉంది. తుడిచాడు. మళ్ళీ తడిగానే ఉంది. భార్య సుంకమ్మ దాన్ని ఇంట్లోకి రానీయలేదు.

ఆయన మారాడు. ఇప్పుడు పని ముందు కాగితం మీద గీస్తాడు. స్టీలు టేపు కొన్నాడు. గోడను రెండుసార్లు కొలుస్తాడు, వైరును మూడుసార్లు కొలుస్తాడు, పెన్సిలుతో గోడ మీద రాసుకుంటాడు. ఒక బార ఎక్కువే కోస్తాడు. మడకశిరలో ఒక ఇల్లు, చిలమత్తూరులో రెండు, తాడిపత్రిలో నాలుగు... ఇప్పటికి ఏడు ఇళ్ళు. ఏడిళ్ళలోనూ, కొసను స్పీకరు దగ్గరికి తెచ్చేసరికి, సరిగ్గా ఒక బార తక్కువ. ముక్క కలుపుతాడు, దణ్ణం పెట్టుకుంటాడు, వచ్చేస్తాడు.

బోరు కేబులు సంగతి బయ్యన్నకు చెప్పడం ఆయన ఇంకా నేర్చుకోలేదు. ఆ ఏడు బారలూ యాడికి పోయినాయో, ఇంకా ఎన్ని కావాలో కూడా ఆయనకు తెలియదు.