అక్క కళ్ళు తెరిచిన పేజీ

సోమవారం ఉదయం వంటింట్లో గిన్నెల చప్పుడు మామూలుకన్నా కాస్త గట్టిగానే వినిపిస్తోంది. కోడలు డ్యూటీకి వెళ్ళే హడావుడిలో ఉంది. అత్తగారు ఆమె కంచంలో కూర వడ్డించి, పక్కనే నిలబడి అడిగింది.

"చూడమ్మా, కూర నమ్మేలా ఉందా?"

కొడుక్కి పొలమారింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగడం తెలుసు గానీ, ఈ ఇద్దరి మధ్య మాత్రం అతనే అడకత్తెరలో పోకచెక్క. నాలుగు గుక్కల నీళ్ళు తాగి మెల్లగా జారుకున్నాడు.

సంగతేమిటంటే, అత్తాకోడళ్ళిద్దరికీ కథలు రాసే పిచ్చి. ఆవిడ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. ఈమె ఫిజియోథెరపిస్టు, పడిపోయిన కాళ్ళకీ చేతులకీ మళ్ళీ కదలడం నేర్పుతుంది. ఆదివారాలు లైబ్రరీ మేడమీద రాసేవాళ్ళు కొందరు చేరి, ఒకరి కథ ఒకరు విని తోచింది చెప్పుకుంటారు. అక్కడ వరసల్లేవు, అందరూ సమానమే. ఆ ధీమాతోనే నిన్న కోడలు నలుగురిలో నోరు జారింది.

అత్తగారి కథలో అక్కాచెల్లెళ్ళకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. అక్క స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉందని తెలిసి చెల్లెలు వెళుతుంది. చెయ్యి పట్టుకోగానే అక్క కళ్ళు తెరిచి నవ్వుతుంది. చివరి పేజీ నమ్మలేకపోయానని, సినిమాలా ఉందని కోడలు అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ కాగితాలు సంచిలో పెట్టుకుని, అందరికన్నా ముందు మెట్లు దిగింది.

ఆ సోమవారమంతా కోడలికి పని మీద మనసు నిలవలేదు. మంచం పట్టిన మనిషితో తనెప్పుడూ ముందుగా నీకిది రాదని చెప్పదు. కదిలిన వేలేదో అది చూపించి, తర్వాత మిగతాది చెబుతుంది. అత్తగారి దగ్గర ఆ మాత్రం ఇంగితం ఏమైపోయింది?

సాయంత్రం ఆవిడ బాల్కనీలో బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి పక్కన కూర్చుంది. సినిమా అన్న మాటకి క్షమించమంది. ఆవిడ దుప్పటి ఒక కొస ఆమె చేతికిచ్చింది.

"మా అక్క కళ్ళు తెరవలేదు," అంది. "కథలోనైనా తెరిపిద్దామనుకున్నాను. ఆ ఒక్క పేజీ కోసమే మిగతాదంతా రాశాను."

కోడలి చేతులు ఆగిపోయాయి. అలాగే ఉంచెయ్యండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అలా అంటే అది జాలి అవుతుంది. మింగేసింది.

"గది బయట చెప్పులు విప్పాలా వద్దా అని చెల్లెలు తటపటాయించింది చూడండి, అక్కడ నేనూ ఆమెతోపాటే గుమ్మంలో ఆగిపోయాను అత్తయ్యా. తర్వాత మీరే మా మొహాన తలుపేశారు. ఆ రోజు లోపల ఏం జరిగింది?"

ఆవిడ బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆవిడ కిటికీ పక్క బల్ల వదల్లేదు. వంట కొడుకు నెత్తిన పడింది. ఆ వంట మీద అభిప్రాయం చెప్పే సాహసం ఎవరూ చెయ్యలేదు. మధ్యలో ఒకసారి ఆవిడ లేచి, కోడలు రాసుకుంటున్న కథ చదివింది. "నీ మనుషులందరూ మహా తెలివైనవాళ్ళమ్మా. ఒక్కళ్ళైనా తడబడరేం?" అని వెళ్ళిపోయింది. కోడలికి చురుక్కుమంది. మళ్ళీ చదువుకుంటే, ఉన్నమాటే.

వారాంతంలో ఒక ఉదయం ఆవిడ కొత్త పేజీలు తెచ్చి కోడలి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

ఈసారి చెల్లెలు గదిలోకి వెళ్ళింది. అక్క కదల్లేదు. చేతులు చూస్తే గోళ్ళు పెరిగిపోయి ఉన్నాయి, ఇన్నాళ్ళూ ఎవరూ తియ్యలేదు. చెల్లెలు నర్సునడిగి కత్తెర తెచ్చుకుంది. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ, నొప్పి తెలియని మనిషికి నొప్పి పుడుతుందేమోనని భయపడుతూ, గోళ్ళు తీసింది. పది వేళ్ళూ అయ్యాక, అక్కకి ఇంకో చెయ్యి ఉంటే బాగుండుననిపించింది.

కోడలు తలెత్తి చూసింది. రోజూ తన కంచంలో కూర వడ్డించే మనిషేనా ఈవిడ? ఇన్నేళ్ళుగా పక్క గదిలో ఇంత పెద్ద మనిషి ఉందని తనకి తెలియనే లేదు.

"ఏమైనా చెప్పమ్మా," అంది అత్తగారు. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

కోడలు కళ్ళు తుడుచుకుంది. "చివర్లో 'అక్కంటే ఆమెకి ప్రాణం' అని రాశారు. ఆ వాక్యం అక్కర్లేదు అత్తయ్యా. మాకు అప్పటికే తెలిసిపోయింది."

ఆవిడ పేజీ దగ్గరికి తీసుకుని ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. కలం తీసి, నిదానంగా కొట్టేసింది. అప్పుడు, అక్క పోయిననాడు కూడా ఏడవని మనిషి, కోడలి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.