వెనక బెంచీ మాట

రావులపాలెం దగ్గర ఓ డిగ్రీ కాలేజీలో, లైబ్రరీ మేడమీది హాలంటే అందరికీ హడలు. పొద్దుగూకాక అక్కడెవరో పాఠం చెబుతారట... ఖాళీ బెంచీలకి! వాచ్‌మన్ బుల్లిరాజు అయితే చీకటి పడ్డాక ఆ మెట్లవంక కన్నెత్తి చూడడు. అడిగితే మాత్రం, "మోకాళ్ల నొప్పులండి" అంటాడు.

కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ దీవెనకి దెయ్యాలంటే భయమే. కానీ క్లాసులో నిలబడటమంటే అంతకన్నా భయం. పుస్తకాల మధ్య పులి, పిల్లల ముందు పిల్లి.

తెల్లారితే డెమో క్లాసు. లైబ్రేరియన్లకి పాఠం చెప్పడం నేర్పే ట్రైనింగు ఒకటి జరిగింది. నేర్పినవాళ్లే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. నెట్‌లో దొరికినదాంట్లో దేన్ని నమ్మాలో ఈమె ఫస్టియర్ పిల్లలకి చెప్పాలి. బాగోలేదన్నారా, ఫస్టియర్‌కి కొత్తగా పెట్టిన లైబ్రరీ పీరియడు టైమ్ టేబుల్లోంచి ఎగిరిపోతుంది. ఆ పీరియడు కోసం ప్రిన్సిపాల్ గారి చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది మరి.

ఇంట్లో రిహార్సల్ వేసుకుంటే నవ్వుతారు. ఎవరూ రాని చోటు ఒక్కటే ఉంది. ప్రార్థన చేసుకుని మెట్లెక్కింది.

బయట వాన. హాల్లో ఒకటే లైటు.

"ఒక సైటుని నమ్మాలంటే ముందేం చూడాలి? ఎవరు రాశారో చూడాలి. తర్వాతేం చూడాలి? ఎప్పుడు రాశారో చూడాలి..."

కరెంటు పోయింది.

దీవెన కదల్లేదు. కదిలితే ఇక ఇంటిదాకా ఆగనని ఆమెకే తెలుసు. ఆ చీకట్లోనే మూడో ప్రశ్న వేసింది. "ఎందుకు రాశారో ఎలా తెలుస్తుంది?" జవాబు చెప్పబోయింది.

"ఆగమ్మా..."

వెనక బెంచీలోంచి... గుసగుసగా.

"అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వేనా? కాసేపు ఆగు... వాళ్లని చెప్పనీ."

ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తింది. మెట్ల దగ్గర ఎవరినో గుద్దుకుంది. టార్చి వెలిగింది — సీనియర్ లైబ్రేరియన్ చంద్రరావు గారు! చేతిలో పాఠం కాగితాలు.

"సార్... ఆ దెయ్యం మీరేనా?"

ఆయన సిగ్గుపడిపోయారు. "ఎవరితో అనకమ్మా. రేపు క్లాసుందంటే ఇక్కడోసారి చెప్పుకోందే నాకు నిద్ర పట్టదు. విన్నవాళ్లు దెయ్యమన్నారు. పోనీలే, ఎవరూ రారని ఊరుకున్నాను."

దీవెనకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు క్లాసులో ఆ మూడో ప్రశ్న అడిగి ఆగింది. అంతా నిశ్శబ్దం... జవాబు నాలుక చివరికొచ్చి దూకబోతోంది. పెదవి కరుచుకుని నిలబడింది. అప్పుడు ఓ మూల సూర్యకళ అనే అమ్మాయి మెల్లిగా లేచింది. "ఆ సైటువాళ్లు మనకేం అమ్మాలనుకుంటున్నారో చూస్తే తెలుస్తుంది మేడమ్." ఆ వెనకే మరో చెయ్యి, ఇంకో చెయ్యి లేచాయి. పీరియడు నిలబడింది.

సాయంత్రం పూతరేకులు పట్టుకుని చంద్రరావు గారి దగ్గరికెళ్లింది.

"వెనక బెంచీలోంచి ఆగమని భలే చెప్పారు సార్. ఆ మాటే నన్ను గట్టెక్కించింది."

ఆయన నోటిదాకా వెళ్లిన పూతరేకు అక్కడే ఆగిపోయింది.

"నేను లోపలికి రానేలేదమ్మా. అప్పుడే మెట్లెక్కుతున్నాను."

పూతరేకు పక్కన పెట్టి, ఆయన అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"ఆ గొంతు నీకు ఒక్కరోజుతో సరిపెట్టిందన్నమాట. నాకైతే ఇన్నేళ్లుగా ఒకటే పాట... బోర్డుకి కాదు, పిల్లలకి చెప్పవయ్యా అని."