గులాబీ ఆకుల దొంగ

బొగ్గు గనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు గోదావరిఖనికి కొత్త పిచ్చి పట్టింది. గులాబీ రంగు ఆకుల మొక్కలు! నర్సరీ బండి రావడమే ఆలస్యం, క్వార్టర్ల ఆడవాళ్లు కుండీలు పట్టుకుని పరుగెత్తేవారు. పువ్వు పూయదు, కాయ కాయదు. దాన్ని చూసి అంత మురిపెం ఏమిటో డిటెక్టివ్ ఆగయ్యకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. చివరికి ఆ మొక్క మీదే ఆయనకు కేసు వచ్చింది.

కేసు తెచ్చిన మనిషి నుస్రత్ బేగం, క్వార్టర్ల లైన్లో బట్టలు కుట్టి బతికే మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నన్ను దొంగ అంటున్నరు కాకా! పక్కింటి రాజకుమారక్క గులాబీ మొక్కను పీకి, పచ్చ మొక్క నాటిననంట. నాలుగు రోజుల నుంచి ఒక్క జాకెట్ గుడ్డ వస్తలేదు. ఇజ్జత్ పోయినంక నేనెట్ల బతకాలె?"

"నీకాడ గులాబీ మొక్క ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది. గా అక్కనే కొమ్మ ఇచ్చింది. నాదేమో మెరుస్తున్నది, ఆమెదేమో పచ్చబడ్డది. నాకేం సమజైతలేదు."

"నువ్వు ఆ ఇంటికి పోంగ సూసినోళ్లు ఉన్నరా?"

"ఎదురింటి మల్లక్క సూసింది. పోయిన మాట నిజమే. పగటీలి, మిట్ట మధ్యాన్నం, ముందల తలుపుకు తాళం ఉన్నది, లోపట ఫ్యాన్ సప్పుడైతున్నది. అక్క బంద్ చెయ్యడం మరిచిందేమో, తొంగి సూద్దామనుకున్న. కిటికీ మూసి ఉన్నది, మర్లి వచ్చిన. గదే నా మెడకు సుట్టుకున్నది."

ఆమె వెళ్లగానే సహాయకుడు తాబిష్ పెదవి విరిచాడు. ఫొటో స్టూడియో మూసేసి ఆగయ్య పంచన చేరిన మనిషి, గురువు తెలివికి ప్రాణమిస్తాడు గానీ తన తెలివికి తొందర ఎక్కువ.

"ఈమెనే తీసి ఉంటది ఉస్తాద్. అక్కడ గులాబీ మొక్క మాయం, ఈమెకాడ గులాబీ మొక్క ఉన్నది. ఇంకేం కావాలె?"

"జల్ది పడకు," అన్నాడు ఆగయ్య. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసి రిటైరైన ఆయనకు, చూడకుండా అడుగు వేసే అలవాటు లేదు.

రాజకుమారి ప్రైవేటు బడిలో టీచరు. వాళ్లను లోపలికి పిలిచి, కిటికీ గట్టు మీద కుండీ చూపించింది.

"మా ఆయనకు గనిల ఫస్టు షిఫ్టు. పొద్దుగాల్నే పోతడు. నేను కిటికీ తెరిచి బడికి పోత, వచ్చేసరికి తెరిచే ఉంటది. చువ్వల సందుల చెయ్యి పెట్టి మార్చింది కాకా! మా ఆయనను మాత్రం ఏం అడగకుండ్రి. రెండు నెలల కింద గనిల పైకప్పు పడి, ఆయనతోని జోడీగ పనిచేసే బిక్షం పోయిండు. అప్పటిసంది మాటనే లేదు."

ఆగయ్య మొక్క దగ్గర వంగాడు. కొమ్మలు సన్నగా సాగి, అన్నీ కిటికీ రెక్కల సందు వైపే వంగి ఉన్నాయి. కాండానికి కట్టిన ఎర్రదారం లోపలికి దిగిపోయి ఉంది.

"ఇదెవలు కట్టిన్రు?"

"నేనే. మొక్క కొన్ననాడు, దిష్టికి." చెప్పాక రాజకుమారే తికమకపడింది.

ఆగయ్య చేతులు కడుక్కుని తువ్వాలు అడిగాడు. దండెం మీది భర్త లింగమూర్తి తువ్వాలు అందించింది. తెల్లగా ఉంది.

"బాగా ఉతుకుతవు."

"నేనెక్కడ? ఈ నడుమ ఆయన బట్టలు అసలు మాస్తనే లేవు."

దారిలో తాబిష్ తల గోక్కున్నాడు. "దారం అదే అయితే మొక్క అదే. మరి రంగెట్ల పోయింది ఉస్తాద్? నాకు దిమాక్ పనిచేస్తలేదు." ఆగయ్య నేరుగా నర్సరీ బండివాడి దగ్గరికి నడిచాడు.

ఆదివారం సాయంత్రం అందరూ రాజకుమారి ఇంట్లో కూడారు. లింగమూర్తి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నుస్రత్ గడప దాటలేదు.

"దొంగతనం జరగలె," అన్నాడు ఆగయ్య. "దారమే సాక్ష్యం, మొక్క అదే. నర్సరీ పిలగాడు చెప్పిండు, దీనికి ఎలుతురు ఉంటెనే రంగు, చీకట్ల పెడితె పచ్చబడుతది. నుస్రత్ కుండీ మిషన్ కాడ ఎలుతురుల ఉన్నది. మరి ఈ కిటికీ? పొద్దుగాల తెరిచి పోయిన అంటది రాజకుమారి, వచ్చేసరికి తెరిచే ఉన్నదంటది. పగటీలి మూసి ఉన్నదంటది నుస్రత్. ఇద్దరూ నిజమే చెప్పిన్రు. నడుమ ఎవలో మూసి, మళ్ల తెరుస్తున్నరు. ముందల తాళం తియ్యకుండ, వెనుక తలుపు నుంచి వచ్చి, ఫ్యాన్ వేసుకుంటున్నరు." ఆయన గొంతు తగ్గించాడు. "బొగ్గు పని చేసేటోని తువ్వాలు నేను ముప్పై ఏండ్లల తెల్లగ సూడలె, తమ్మీ."

లింగమూర్తి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"బొగ్గుబాయి మొగదాక పోత కాకా. దిగుదామంటె బిక్షం అరుపు వినవడుతది. మర్లి వస్త. లైనోళ్లు సూస్తరని కిటికీ మూసి కూసుంట. చీకటికి భయపడి, చీకట్లనే కూసుంటున్న."

"నాకెందుకు చెప్పలె?" రాజకుమారి ఏడ్చేసింది. తర్వాత నుస్రత్ వైపు తిరిగింది గానీ తలెత్తలేకపోయింది. "తప్పయింది చెల్లె."

"నాకొక్కదానికి చెప్తె ఏం ఫాయిదా అక్కా? దొంగ అన్నది లైనంత విన్నది," అంది నుస్రత్.

లైనుకు చెప్పాలంటే మొక్క ఎందుకు పచ్చబడిందో, లింగమూర్తి ఎందుకు దాక్కున్నాడో చెప్పాలి. లింగమూర్తి లేచాడు. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, చువ్వలు పట్టుకుని గట్టిగా అరిచాడు.

"మల్లక్కా! అందరు ఇనుండ్రి! నుస్రత్ దొంగ కాదు. రెండు నెలల నుంచి నేనే డ్యూటీకి పోకుండ ఇంట్ల దాక్కున్న. భయమై!"

ఇన్ని రోజులుగా ఏడ్వని నుస్రత్ అప్పుడు ఏడ్చింది.

తెల్లవారి మల్లక్క జాకెట్ గుడ్డ పట్టుకుని నుస్రత్ గడప ఎక్కింది. రాజకుమారి బడికి సెలవు పెట్టి, భర్తను దవాఖానకు తీసుకుపోయింది. పోతూ పోతూ ఇంటి తాళం చెవి నుస్రత్ చేతిలో పెట్టింది.

"కిటికీ మూయకు చెల్లె," అంది.