వెర్నా పడవ దిగిపోయిన శీతాకాలం

"ఎడమకి! ఎడమకి అంటున్నానా వెర్నా! నీకసలు వినబడుతోందా?"

జనవరి మధ్యాహ్నం. గాలి హోరుగా ఉంది. అయినా లోర్న్ అరుపు రేవు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినబడింది. ఆగి ఉన్న పడవలన్నిటిలోనూ జనం గ్లాసులు చేత పట్టుకుని ఇటు తిరిగారు. కరీబియన్ సముద్రంలోని మా బెక్వే దీవిలో, లంగరు వేసే మొగుడూపెళ్ళాలను చూడటాన్ని మించిన వినోదం లేదు.

పడవ ముక్కు దగ్గర లంగరు గొలుసు పట్టుకుని నిలబడ్డ వెర్నా ఏదో చెప్పింది. చెయ్యి ఊపి మళ్ళీ చెప్పింది.

"జవాబు చెప్పవేం?" లోర్న్ ఇంకా గట్టిగా అరిచాడు.

వెర్నా గొలుసు వదిలేసింది. లంగరు పడాల్సిన చోట కాక ఎక్కడో పడింది. ఆమె లోపలికి వెళ్ళి రెండు గౌన్లు, చెప్పులు సంచిలో కుక్కుకుని వచ్చి, దారిన పోయే పడవ టాక్సీని చెయ్యెత్తి ఆపింది.

"ఎక్కడికి?" అన్నాడు లోర్న్.

"నేల మీదికి. ఇంటి దగ్గర ఎంత మర్యాదస్తుడివి నువ్వు! ఈ పడవెక్కితే మాత్రం నేను పెళ్ళాన్ని కాదు, కూలిమనిషిని. ఈ కూలి నాకొద్దు బాబూ."

పక్క పడవలో ఎవరో చప్పట్లు కొట్టారు.

వాళ్ళది కెనడాలో లూనెన్‌బర్గ్. అతను ఓడల్లో ఇంజనీరుగా, ఆమె లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. ఏడేళ్ళుగా, అక్కడ మొదటి మంచు పడగానే ఇక్కడ వాలిపోతారు. ఏప్రిల్ దాకా 'కిట్టీవేక్' అనే తెరచాప పడవే వాళ్ళ ఇల్లు. నలభై ఒక్కేళ్ళ కాపురం. పిల్లలు లేరు.

వెర్నా నేరుగా ఐయోనా ఆలివియర్ ఇంటికి వెళ్ళింది. ఊరందరికీ ఆమె టాంటీ, అంటే పిన్నమ్మ. డెబ్బై మూడేళ్ళు. మేడమీద ఒక గది అద్దెకిస్తుంది, కిందేమో పడవలు బాగుచేస్తుంది.

"ఎన్నాళ్ళుంటారు మిస్ వెర్నా?"

"వచ్చే మంగళవారం దాకా. దారిలోనే ఫోన్ చేసి విమానం టికెట్టు మార్చేసుకున్నాను. ఇంటికెళ్ళి మంచు ఎత్తిపోసుకుంటాను. మంచు నామీద అరవదు కదా!"

టాంటీ కాల్చిన సీమపనస ముక్క ఆమె ముందు పెట్టింది. "అందాకా ఊరికే కూర్చుంటారా? శనివారం ఆడవాళ్ళ పందెం ఉంది. నా పడవలో ఒక మనిషి తక్కువ."

"నాకు గొలుసు లాగడం తప్ప ఏమీ రాదు టాంటీ."

"ఎందుకు రాదు? ఎప్పుడైనా చుక్కాని మీ చేతికిచ్చారా?"

ఏడేళ్ళలో లోర్న్ ఒక్కసారి కూడా ఇవ్వలేదు. వెర్నా అడగనూ లేదు.

మర్నాటి నుంచి రేవులో టాంటీ వాళ్ళ ఎర్ర తెరచాప చిన్న పడవ అటూ ఇటూ తిరగసాగింది. చుక్కాని దగ్గర వెర్నా. మొదటి రోజు రెండుసార్లు తలకిందులైంది. మూడోరోజుకి పడవ గాలికి ఒరిగితే తనూ ఒరిగి, నెరిసిన జుట్టు ముఖాన కొట్టుకుంటుంటే పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

కిట్టీవేక్ పక్కనుంచే వెళ్ళింది. అటు చూడనైనా లేదు.

లోర్న్ మాత్రం చూశాడు. కాఫీ చల్లారిపోయేదాకా చూశాడు. ఈవిడ నాకెక్కడో తెలుసే అనిపించింది. పాతికేళ్ళ వయసులో, రేవు డాన్సులో, తన కాలు తొక్కి నవ్విన పిల్ల!

ఆ సాయంత్రమే అరటిపండు కేకు చేసి, అది ఒకవైపు మాడితే ఆ వైపు కోసేసి, చిన్న పడవలో తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకొచ్చాడు. టాంటీ ఇంటి మెట్ల కింద నిలబడ్డాడు. వెర్నా మేడమీది నుంచి వంగి చూసింది.

"నీ కోసం తెచ్చాను."

"కేకు కాదు లోర్న్, ఒక్క మాట కావాలి. తప్పయిందని."

"ఏంటి? పాట కావాలా?"

వెర్నా ముఖం ఎర్రబడింది. "ఇప్పుడు కూడా వేళాకోళమేనా!" అని ధడాలున తలుపు వేసుకుంది.

టాంటీ కేకు తీసుకుని రుచి చూసింది. "కేకు పర్వాలేదు మిస్టర్ లోర్న్. మనిషే ఇంకా ఉడకలేదు."

అతను అది కూడా సరిగ్గా వినలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున పడవకి తిరిగి రమ్మని వెర్నాని ఎలా అడగాలో మనసులో తిప్పుకుంటూ, లోర్న్ మళ్ళీ తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు బయల్దేరాడు. తెడ్లు వేసేవాడికి వెళ్ళే వైపు వీపు ఉంటుంది. ఆ వైపు నుంచి ఒక పెద్ద పడవ నిండా తెరచాపలెత్తి, ఇంజను చప్పుడు లేకుండా వస్తోంది. తెరచాపల చాటున అందులోని వాళ్ళకు లోర్న్ చిన్న పడవ కనబడటం లేదు.

ఎర్ర తెరచాప కింద నుంచి వెర్నా అది చూసింది.

"లోర్న్! వెనకాల! వెనకాల చూడు!"

పడవలోని ఆడవాళ్ళంతా కేకలు పెట్టారు. టాంటీ నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసింది. ఒడ్డున కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి.

లోర్న్‌కి వెర్నా కనబడింది. తనవైపే చూస్తోంది! చేతులూపుతోంది! అతని ముఖం వెలిగిపోయింది. తెడ్లు వదిలేసి, రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

వెర్నాకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది.

"పట్టుకోండి!" అని చుక్కాని తిప్పింది. ఎర్ర పడవ గిరుక్కున తిరిగి, గాలినంతా తెరచాపలో పట్టి, బాణంలా వచ్చి లోర్న్ పడవను డొక్కలో గుద్ది పక్కకు నెట్టేసింది. అతను ఎగిరి నీళ్ళలో పడ్డాడు. పెద్ద పడవ, అతను లేని ఖాళీ చోట నుంచి చరచరా వెళ్ళిపోయింది. దాని అలకి ఎర్ర పడవ బోల్తా పడింది.

ఒడ్డున ఇసుకలో ఇద్దరూ తడిసి ముద్దయి కూర్చున్నారు. వెర్నా అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అతను ఆమె పెదవులనే చూస్తూ జవాబిచ్చాడు. "రెండేళ్ళు. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత టీ కెటిల్ ఈల. ఆ తర్వాత... నువ్వు. అక్కడ ముందు నిలబడి ఏదో అంటావు. పెదవులు కదులుతాయి, గాలి తప్ప ఏమీ రాదు. రాళ్ళున్నాయంటున్నావో, పడవలున్నాయంటున్నావో తెలియదు. భయమేసి అరుస్తాను."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే పడవ అమ్మేద్దామంటావు. అక్కడ ఇంట్లో నువ్వు మేడమీద పుస్తకాలతో, నేను కింద గ్యారేజీలో. భోజనానికి కలుస్తాం. ఇక్కడైతే నీ మోచెయ్యి తగలకుండా టీ కూడా పెట్టుకోలేను. అది పోతుందని భయం వెర్నా."

వెర్నా కళ్ళు తుడుచుకుంది. కానీ కోపం ఇంకా పోలేదు. "చెవులు పోయినందుకు నాకేం కోపం లేదు. ఈ రెండేళ్ళూ నా మాటంటే నీకు లెక్కలేదనుకున్నాను చూడు, అందుకు. ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా?"

"తప్పయింది," అన్నాడు లోర్న్. తర్వాత, గొంతు తగ్గించి, అందరి ముందూ మళ్ళీ అన్నాడు. "తప్పయింది."

తడి చీరగుడ్డలా వేలాడుతున్న తెరచాపను పిండుతూ టాంటీ అటు వచ్చింది. లోర్న్ లేచి, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా నిలబడ్డాడు.

"టాంటీ, ఈవిడను తీసుకెళ్తాను. పంపిస్తారా?"

"తీసుకెళ్ళడమేంటి, ఆవిడేం సామానా? చుక్కాని ఆవిడది. ఎక్కనిస్తుందేమో అడుక్కో. ముందు ఫెర్రీ ఎక్కి పక్కనున్న పెద్ద దీవి సెయింట్ విన్సెంట్ వెళ్ళి, చెవుల డాక్టరు దగ్గర కూర్చో. ఆ తర్వాతే ప్రేమలూ గీమలూ!"

మర్నాడు పందెంలో టాంటీ పడవ నాలుగోది వచ్చింది. పాల్గొన్నవి ఐదు. మంగళవారం విమానం వెర్నా లేకుండానే వెళ్ళిపోయింది. ఆ రోజు ఇద్దరూ డాక్టరు దగ్గరున్నారు. చెవి మిషన్లు రావడానికి మూడు వారాలు పడుతుందన్నాడాయన.

మూడు వారాలు ఎవరాగుతారు? గురువారం పొద్దునే కిట్టీవేక్ రేవు దాటింది. చుక్కాని వెర్నా చేతిలో ఉంది. లోర్న్ ముందు నిలబడి నీళ్ళలోకి చూసి, రాయి ఉంటే కుడిచెయ్యి, లేకపోతే ఎడమచెయ్యి ఎత్తుతున్నాడు. అయితే నీళ్ళకన్నా ఎక్కువసార్లు వెనక్కే తిరిగి చూస్తున్నాడు.

"ముందు చూడవయ్యా!" అని పెదవులు సాగదీసి చెప్పింది వెర్నా.

"ఎలా చూడను? నీ ముఖం చూడకపోతే నీ మాట అందదు నాకు."

"అబ్బో! ఇన్నేళ్ళకు దొరికిందీ వంక!"

ఆమె నవ్వు ఆపుకోలేక చుక్కాని వదిలేసింది. తెరచాప పటపటా కొట్టుకుంది. లోర్న్ గబగబా వెనక్కొచ్చి, అరవకుండా, ఆమె చేతిమీద తన చెయ్యి వేసి పడవను మళ్ళీ గాలికి తిప్పాడు. ఆ తర్వాత ఆ చెయ్యి తియ్యడం మరిచిపోయాడు. తియ్యమని వెర్నా కూడా అనలేదు.