మూడు ఫోన్లు, ఒక కిటికీ

సీజన్ అయిపోయాక మా దీవిలో బయటివాళ్ళ కోసం తెరిచి ఉండేవి మూడే ఇళ్ళు. ఆ మూడింటి ఫోన్లూ మా అత్త వంటింటి కిటికీ గట్టు మీద ఉంటాయి. మూడూ ఎత్తేది నేనే.

ఇందులో మోసమేమీ లేదు. అంటే, మొదట్లో లేదు.

ఒకటి దీవి చివర రాళ్ళ మీద కట్టిన కెప్టెన్ గారి బంగళా. ఓడలు నడిపి రిటైరైన ఆ పెద్దమనిషి వానలు మొదలవగానే అవతలి ఒడ్డున ఉన్న కూతురింటికి వెళ్ళిపోతారు. రెండోది కొండ మీద హెడ్‌మాస్టారి ఇల్లు. ఆయన మోకాళ్ళ వైద్యానికి వెళ్ళారంటే మళ్ళీ ఎండలు ముదిరేదాకా రారు. మూడోది పడవ రేవు పక్కన మా అత్తది. అందులో ఒక గది అద్దెకిస్తుంది, ఒకదాంట్లో తనుంటుంది, వెనక వరండా నాది. పెద్దమనుషులిద్దరూ తాళాలూ ఫోన్లూ నా చేతిలో పెట్టి ఒకే మాట చెప్పి వెళ్ళారు.

"మేం లేమని తెలిస్తే ఎవరూ రారు. మా బదులు నువ్వే మాట్లాడు. కానీ మాకొచ్చిన గెస్టుని మీ అత్త ఇంటికి లాగావో, జన్మలో నీ మొహం చూడం."

లాగనని ఇద్దరికీ మాటిచ్చాను. అసలు కెప్టెన్ గారిది పీలగొంతు. ఫోన్లో అది వింటే ఓడ కాదు గదా, సైకిలు కూడా ఎవరూ అప్పగించరు. అందుకని నేనే కొంచెం గంభీరం కలిపాను. హెడ్‌మాస్టారికి గ్రాంథికం కలిపాను. నాకు మాత్రం ఏమీ కలుపుకోలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం, జల్లు పడుతుండగా, కెప్టెన్ గారి ఫోన్ మోగింది.

"కెప్టెన్ స్పీకింగ్," అన్నాను, గొంతు బొడ్డు దగ్గర్నుంచి లాగి.

"నమస్కారమండీ. ఐదు రోజులు ఉండటానికి నిశ్శబ్దమైన చోటు కావాలి. మీ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుంది?"

"అమ్మాయీ, ఇక్కడ చేప తోక ఆడించినా వినపడుతుంది."

"అయితే కష్టమండీ. చేపలు చాలా ఉంటాయిగా."

నవ్వొచ్చింది. కెప్టెన్లు కిసుక్కున నవ్వరని గుర్తొచ్చి దగ్గుగా మార్చాను.

"ఒక పని చేస్తారా? ఫోన్ కిటికీ బయట పెట్టండి. ఒక్క నిమిషం ఎవరమూ మాట్లాడొద్దు. నేను వింటాను."

"ఎందుకమ్మా?"

"నేను చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తానండి. మనుషుల్ని గాజుగదిలో కూర్చోబెట్టి, కీచు శబ్దాలు వినిపిస్తూ, ఇప్పుడు వినపడిందా, ఇప్పుడు వినపడిందా అని రోజంతా అడుగుతుంటాను. ఫొటోలు చూసి ఇల్లు ఎంచుకోవడం నాకు రాదు. విని ఎంచుకుంటాను."

న్యాయంగా అయితే నేను గొడుగేసుకుని నలభై నిమిషాలు నడిచి బంగళాకి వెళ్ళాలి. వెళ్ళలేదు. అత్త వంటింటి కిటికీలోంచే చెయ్యి బయటికి చాపాను. నిమిషం అయ్యాక ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది. వెంటనే పక్క ఫోన్ మోగింది.

"నమస్కారము. తమరి రాక మాకెంతయో ఆనందదాయకము," అన్నాను.

"మీరు తెలుగు మాస్టారా అండీ?"

"కాదు. లెక్కలు."

"పదిహేడు పదమూళ్ళు ఎంతండీ?"

పొయ్యి దగ్గర అత్త వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. నేను ఆగలేదు. "సెలవులలో మేము లెక్కలు చెప్పము," అన్నాను. ఆ ఫోను కూడా అదే కిటికీలోంచి బయటికెళ్ళి తడిసి వచ్చింది. తర్వాత మూడోది మోగింది.

"హలో," అన్నాను.

"మీరెవరండీ?"

"నేనా? ఇక్కడే ఉంటానండీ."

"మీ ఇల్లు ఎలా ఉంటుంది?"

ఇచ్చిన మాట అడ్డొచ్చింది. "పర్లేదండీ. కెప్టెన్ గారి బంగళా నుంచి అయితే సముద్రం ఇంకా బాగా కనపడుతుంది."

"మీరు పక్కవాళ్ళ ఇల్లు అమ్మిపెడుతున్నారా?"

ఫోన్ కిటికీ బయట పెట్టేశాను. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి ఆమె నవ్వుతోంది.

ఆ రోజు నుంచి పది రోజులు, భోజనాల వేళకి ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె ఒక్కరికే చేసి ఊరుకోదు, ముగ్గురికీ వరసగా చేస్తుంది. తుఫాను కథ చెప్పమని కెప్టెన్ని అడిగితే, నేను చూడని సముద్రాల మీద రాని తుఫానులు రప్పించాను. హెడ్‌మాస్టారితో తన ఆఫీసు గొడవలు చెప్పుకునేది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "గదిలో బకెట్ ఉందా? దోమతెర ఉందా?" అంతే.

ఏడో రోజున కెప్టెన్‌తో ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడి, నాతో రెండే నిమిషాలు మాట్లాడింది. నా మీద నాకే కుళ్ళు పుట్టింది. మర్నాడు కెప్టెన్ పరువు తీద్దామని కూర్చున్నాను.

"అమ్మాయీ, నాకు కాస్త గురక ఉంది. గోడలు అదురుతాయి."

"మా తాతయ్యకీ ఉందండీ. అది లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు."

"కోపం కూడా జాస్తి."

"మీకా? మీరెంత సరదా మనిషో నాకు తెలీదా?"

ఫోన్ పెట్టి తల పట్టుకున్నాను. అత్త మూకుడు దించి నా వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆ చెవుల పిల్లని ఒక్కడివే ముగ్గురై ప్రేమిస్తున్నావు. అందులో అసలువాడే వెనకబడ్డాడు."

"ప్రేమేంటి అత్తా, కస్టమర్."

"కస్టమర్ ఫోన్ కోసం గడ్డం గీసుకుని కూర్చుంటావట్రా?"

ఆ రోజు మూడో ఫోన్లో, బకెట్ సంగతి అయ్యాక, ఆమె వెంటనే పెట్టెయ్యలేదు.

"ఒక మాట అడగనా? నాకు రెండేళ్ళలో దొరికిన సెలవు ఈ ఐదు రోజులే. ఈమధ్య ఇంటికెళ్ళినా చెవుల్లో ఆ కీచు శబ్దమే. ఎక్కడికో వెళ్ళి అదీ గోలగా ఉంటే ఏడుపొస్తుంది. నిజం చెప్పండి, ఆ కొండ మీద ఇల్లు నిజంగా నిశ్శబ్దంగా ఉంటుందా?"

"ఉంటుందండీ," అన్నాను. అది నిజమే. కానీ నేను ఆమెకి వినిపించింది మా అత్త కిటికీ. రెండేళ్ళకి ఐదు రోజులు దాచుకున్న మనిషికి నేను చేసిన మర్యాద అది. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ఆమె ఫోన్ చేసే వేళకి ముందే, ఫోన్లు జేబులో వేసుకుని వానలో కొండెక్కాను. రెండు వందల పైచిలుకు మెట్లు. మాస్టారి వరండాలో నిలబడగానే ఫోన్ మోగింది.

"నమ... నమస్కారము."

"మాస్టారూ, ఏంటా ఆయాసం? మోకాళ్ళు జాగ్రత్త."

"ఇంకొక్క... మారు... వినిపించెదము. వినుడు."

ఫోన్ చాపి నేనూ నోరు మూసుకున్నాను. చూరు మీంచి నీళ్ళు జారుతున్నాయి. సముద్రం ఎక్కడో కింద ఉందంటే ఉంది. నిమిషం దాటింది. రెండు నిమిషాలు దాటాయి. ఆమె పెట్టెయ్యమనలేదు, నేను పెట్టలేదు. ఫోన్ చెవి దగ్గరికి తెచ్చుకుంటే అవతల ఆమె ఊపిరి వినపడింది. ఇంక దాచేదేముంది, అక్కడే పడిపోయాను.

కొండ దిగి పరుగున బంగళాకి వెళ్ళి కెప్టెన్ గొంతుతో అలలు వినిపించాను. తడిబట్టలతో ఇంటికొచ్చి అత్త కిటికీ వినిపించాను. ఆ కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు, గాలికి టకటకా కొట్టుకుంటుంది.

"అది బాగు చేయిస్తానండీ," అన్నాను.

"ఏమీ అక్కర్లేదు. నేను రేపు చెప్తాను ఎక్కడికొస్తానో," అంది.

బుధవారం మధ్యాహ్నం కెప్టెన్ ఫోన్ మోగింది.

"కెప్టెన్ గారూ, మీ బంగళాకే వస్తున్నాను. శుక్రవారం పడవకి."

గొంతు గంభీరం చేసుకోవాల్సిన పనే లేకపోయింది. "సంతోషం అమ్మాయీ," అన్నాను.

"ఇంకేమీ చెప్పరా?"

"తలుపులన్నీ తుడిపించి ఉంచుతాను."

ఆమె సరేనని పెట్టేసింది. బంగళాలో దిగాక కెప్టెన్ ఏడని అడుగుతుంది. అప్పుడు నేను తాళంచెవి పట్టుకుని నిలబడి ఏం చెప్పాలి? మోసపోయానని అదే పడవలో తిరిగెళ్ళిపోతే ఆమె సెలవూ పోతుంది, ఆమె గొంతు మళ్ళీ నాకు వినపడదు. ఈ రెండోదే ఎక్కువ భయపెట్టింది.

అది చాలనట్టు అసలు కెప్టెన్ గారికి ఫోన్ చేసి గెస్టు వస్తోందని చెప్పాల్సొచ్చింది. ఆయన పీలగొంతు ఈలలా మోగింది.

"ఆఫ్‌సీజన్లో గెస్టా? మాటలా? నేనే వస్తున్నాన్రా. శుక్రవారం పడవలో వచ్చి దగ్గరుండి చూసుకుంటా."

"వద్దు కెప్టెన్ గారూ, వాన..."

"ఓడలు నడిపినవాడికి వాన గురించి చెప్తావట్రా?"

నిజం చెప్పేద్దామని గురువారం ఆమెకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. గాజుగదిలోకి ఫోన్ తీసుకెళ్ళరని తర్వాత తెలిసింది. సాయంత్రానికి అత్త ఒక ఉపాయం చెప్పింది.

"జ్వరమని ముసుగుతన్ని పడుకో. నేను చూసుకుంటా."

"వద్దత్తా. ఇప్పటికే ముగ్గురు అబద్ధాలకోర్లున్నాం ఈ ఇంట్లో. నువ్వు కూడా ఎందుకు?"

శుక్రవారం రేవులో గంట ముందే నిలబడ్డాను. చెప్పాల్సిన మాటలు ఒక వరసలో పెట్టుకున్నాను. పడవ కనపడగానే వరస చెదిరిపోయింది. ఒకే గొడుగు కింద కెప్టెన్ గారూ, ఒక అమ్మాయీ నిలబడి ఉన్నారు. కాస్త పొట్టి, భుజానికి పెద్ద బ్యాగు, చెవులు కప్పేస్తూ ఊలు టోపీ. ఇద్దరూ ఏదో చెప్పుకుని విరగబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు తెలుసు.

ఆమె మెట్టు మీద కాలు పెట్టకముందే మొదలుపెట్టాను.

"అండీ, కెప్టెన్ నేనే. అంటే ఈయన కెప్టెనే, కానీ మీతో మాట్లాడింది నేను. హెడ్‌మాస్టారూ నేనే. మొదటి రోజు మూడు ఇళ్ళ పేరు చెప్పి ఒకే కిటికీ వినిపించాను. తర్వాత కొండెక్కి వినిపించింది మాత్రం నిజం. తుఫాను కథలన్నీ అబద్ధం. తప్పు నాదే, ఈయన్ని ఏమీ అనకండి. కావాలంటే తిరుగు పడవ నాలుగింటికి ఉంది, బ్యాగు నేనే ఎక్కిస్తాను."

ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అంతా అయ్యాక, "ఇంకా ఉందా?" అంది.

"అంతేనండీ."

"మూడు ఇళ్ళకీ ఒకే కిటికీ రెక్క టకటకమంది. మూడింట్లోనూ ఒకావిడ అదే పోపు వేసింది. నా చెవులకి జీతమిస్తారండీ. మొదటి రోజే తెలిసిపోయింది."

"మరి పది రోజులు ఎందుకు చేశారు?"

"మొదట కోపంతో చేశాను, ఎంతదూరం వెళ్తారో చూద్దామని. తర్వాత సరదాకి. ఆ వానలో రొప్పుతూ కొండెక్కారే, ఆ రోజు టికెట్ తీసుకున్నాను."

"మరి బంగళాకి వస్తానన్నారు?"

"అప్పుడైనా నోరు తెరిచి అడ్డుపడతారేమో అనుకున్నాను. తలుపులు తుడిపిస్తానన్నారు."

కెప్టెన్ గారు గొడుగు మడిచి నన్ను ఎగాదిగా చూశారు. "దారంతా నీ గురించే చెప్పిందిరా. గోడలు అదిరేలా గురక పెడతానా నేను?"

"క్షమించండి."

"పోనీలే. అయినా ఆమెని మీ అత్త ఇంటికి మాత్రం లాగలేదు, మాట మీద నిలబడ్డావు. ఇవాళ్టికి ఆ మాట తీసేస్తున్నా. మాస్టారికి నేను చెప్పుకుంటాలే. ఆమె అడిగిందానికి నిజం చెప్పు."

"అవును, చెప్పండి," అంది ఆమె. "నేనెక్కడ ఉండాలి?"

పది రోజులుగా ఎదురుచూసిన ప్రశ్న. ఈసారి గొంతు నాదే.

"సముద్రం చూడాలంటే కెప్టెన్ గారి బంగళా. నిశ్శబ్దం కావాలంటే కొండ మీద ఇల్లు, దాన్ని మించింది లేదు. మా అత్త ఇల్లు మీరు అస్సలు తీసుకోకూడదు. పొద్దున్నే ఐదింటికి పడవల ఇంజన్లు మొదలవుతాయి. అత్త తనలో తనే మాట్లాడుకుంటుంది. రెక్క కొట్టుకుంటుంది."

"ఇంకేమైనా ఉందా అక్కడ?"

"నేనుంటాను. మీరు నాకు చాలా ఇష్టం. మీరూ అక్కడే ఉంటే బాగుండునని నా కోరిక. అంతకుమించి ఆ ఇంటి గురించి చెప్పడానికేమీ లేదు."

కెప్టెన్ గారు సముద్రంలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. ఆమె టోపీ తీసి జేబులో కుక్కుకుంది. బ్యాగు దించి నా చేతికిచ్చింది.

"బరువుంది, జాగ్రత్త. పదండి మీ అత్త ఇంటికి."

"అక్కడ గోలండీ. మీరొచ్చింది నిశ్శబ్దం కోసం కదా?"

"అందుకే వచ్చాను. కానీ మీరు ఆపకండి. నడుస్తూ మాట్లాడుతూ ఉండండి, ఈ గొంతుతోనే. ఇన్నాళ్ళూ రోజుకి రెండే నిమిషాలు విన్నాను."

రేవు నుంచి మా ఇంటికి గట్టిగా వంద అడుగులు. మేం చేరేసరికి ముప్పావుగంట పట్టింది. పెట్టిన టీ మూడుసార్లు వేడి చేయాల్సొచ్చిందని అత్త ఇప్పటికీ మా ఇద్దరినీ సాధిస్తూనే ఉంటుంది.