కళ్ళు లేని జనం

సాయంత్రం ఏడూ పదికి ధనరాజు కిరసనాయిలు డబ్బాలో బ్రష్షులు కడుక్కుంటున్నాడు. దిండి రేవు పక్కనున్న ఆ పాత ఐసు ఫ్యాక్టరీలో పొద్దుగూకాక మనిషన్నవాడు ఉండి చాలా ఏళ్ళయింది.

ఫ్యాక్టరీకి మంచి పేరు లేదు. రొయ్యల సీజనులో ఓ పనివాడు ఐసు గదిలోకి వెళ్ళాడనీ, వెనక తలుపు బిగుసుకుపోయిందనీ, తెల్లారి తీసి చూస్తే... అనీ చెబుతారు. తీసి చూస్తే ఏముందో ఎవరూ చెప్పరు. అతని పేరడిగితే పక్క ఊరివాడంటారు. పక్క ఊళ్ళో అడిగితే వాళ్ళకీ పక్క ఊరివాడే. అయినా రాత్రి వలకెళ్ళేవాళ్ళు అటు రాగానే మాటలాపి, అవతలి గట్టెక్కి నడుస్తారు. గోడలోంచి ఎవరో చూస్తున్నట్టుంటుందట.

దాన్ని ఈమధ్య ఓ రిసార్టువాళ్ళు కొన్నారు. ఇటలీ భోజనాల హాలు చేస్తున్నారు. లోపల పెద్ద గోడ నిండా ఇటలీ బొమ్మ ఉండాలన్నారు. పని కొత్తపేట సుబ్రహ్మణ్యేశ్వరరావుకి దొరికింది. కోనసీమలో గుళ్ళ మీద బొమ్మలంటే ఆయన పేరే చెబుతారు. వేసేది మాత్రం మేనల్లుడు ధనరాజు.

ముప్ఫై ఏళ్ళుగా ఒళ్ళూ, బట్టలూ, నగలూ ధనరాజువి. కళ్ళు మావయ్యవి. కళ్ళు పెట్టడం గురువు పని. అదీ ఆఖర్న, తెర కట్టుకుని. దీపం పట్టుకోడానికి దుర్గమ్మ అత్తయ్య ఒక్కతే లోపలికెళుతుంది. తెర తీసేసరికి దేవుడు మన కేసి చూస్తుంటాడు. కింద మావయ్య పేరుంటుంది.

అందుకని ఐసు ఫ్యాక్టరీ గోడ మీద వారం రోజులుగా కళ్ళు లేని జనం నిలబడి ఉన్నారు. కిటికీలోంచి టార్చి వేసి చూసిన వలవాడొకడు రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు.

"ఈ మెడలేంటండీ, కొంగలకి మల్లే," అని ధనరాజు మొదటి రోజే అడిగాడు, చూసి వెయ్యమని ఇచ్చిన అచ్చు బొమ్మ చేతిలో పట్టుకుని.

మేనేజరు క్రాంతికుమార్ అతిథులకి చెప్పడానికని ఆ చిత్రకారుడి జీవితం బట్టీ పట్టాడు. పేరొక్కటే నోరు తిరగలేదు. ఇటలీ ఆయన అనేవాడు.

"అదే స్టైలండి. నాలుగొందల ఏళ్ళ కిందటి మాట. మహా మహా చిత్రకారులంతా పోయాక వచ్చేడు ఈయన. మనుషుల్ని చూసి గీయలేదట. ఆ పెద్దవాళ్ళ బొమ్మలు చూసి గీసేడట. ఒక్కొక్కరూ కాస్త కాస్త సాగదీసుకుంటూ వచ్చేరు. ఈయన దాకా వచ్చేసరికి ఇదిగో, ఇంతయింది."

"మా మావయ్యా అంతేనండి. ఆంజనేయస్వామి కండలు సినిమా పోస్టరు చూసి వెయ్యమంటాడు."

"ఈయనా మేనమామ దగ్గరే నేర్చుకున్నాడండి. చర్చిలకీ, జమీందార్ల మేడలకీ వేసేడు. పేరు మాత్రం మేనమామదే పడేది. తరవాత ఎవరో వీధిలో మనుషుల్నే కూచోబెట్టి గీయడం మొదలెట్టేరట. ఇంక ఈయన్ని పిలిచినవాళ్ళు లేరు. ఓ మఠం వాళ్ళు తిండి పెట్టి ఒక గోడ అప్పజెప్పేరు. ఆ గోడ దగ్గరే పోయేడు."

"పేరెక్కడా రాసుకోలేదా అండీ?"

"లేదండి. ప్రతి బొమ్మలో ఓ మూల తన మొహం పెట్టుకునేవాడట. అదిగో."

అచ్చు బొమ్మలో మూల చీకట్లో ఓ బక్క మనిషి. మిగతా జనమంతా పైకో, పక్కకో, తమ వేళ్ళ కేసో చూస్తున్నారు. ఆయనొక్కడే ఎదురుగా చూస్తున్నాడు.

ధనరాజు ఆ మొహాన్ని వేలితో తడిమాడు. "ఆయ్," అన్నాడు.

ఆ రాత్రే అత్తయ్యకి ఫోను చేశాడు. మూల మనిషికి కళ్ళు తను పెట్టుకుంటాననీ, కింద చిన్న అక్షరాలతో తన పేరు రాసుకుంటాననీ మావయ్యకి చెప్పమన్నాడు. జవాబు మర్నాడొచ్చింది. గురువుండగా శిష్యుడు కళ్ళు పెడితే ఇంటికి అరిష్టమట.

అందుకే ఇవాళ చీకటిపడినా ఉండిపోయాడు. మావయ్య రేపు పొద్దున్న వస్తాడు. ఈలోగా ఆ ఒక్క జత కళ్ళు పెట్టేసి, పేరు రాసేస్తే ఇంక చెరపమనడు. కళ్ళు తెరిచిన బొమ్మని చెరపడమంటే మావయ్యకి భయం.

బ్రష్షులు కడిగి, తలుపుకి గొళ్ళెం పెట్టి, నల్ల రంగు డబ్బా కొనుక్కోడానికీ, టిఫిను చెయ్యడానికీ సెంటర్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. గట్టు మీద తనొక్కడే. రేవులో కట్టిన పడవ తాడు లాగినప్పుడల్లా కీచుమంటోంది.

గొళ్ళెం తీసి ఉంది.

లోపల వెలుతురు... పచ్చగా, చిన్నగా... వణుకుతోంది.

తలుపు సందులోంచి గోడొక్కటే కనిపిస్తోంది. తను వెళ్ళినప్పుడు ఒక్కరికీ కళ్ళు లేవు. ఇప్పుడు ముందు వరసంతా చూస్తోంది. తడిగా, నల్లగా, మెరుస్తూ. వాళ్ళ మొహాల మీద ఓ చెయ్యి పాకుతోంది — ఒట్టి నీడ చెయ్యి. దాని వేళ్ళు తను గీసిన వేళ్ళ కన్నా జానెడు పొడుగు. అవి ఒక్కో మొహం దగ్గర ఆగుతున్నాయి... ఆగిన చోటల్లా కళ్ళు తెరుచుకుంటున్నాయి.

ఎవరది అని అడగబోయాడు.

అప్పుడు ఐసు గది వైపు నుంచి, చీకట్లోంచి, మగ గొంతొకటి గుసగుసగా —

"ఇంకా ఎంతమంది?" అంది.

ధనరాజు చేతిలో డబ్బా జారిపోయింది. ఆటో స్టాండు దాకా ఎలా వచ్చాడో అతనికి తెలీదు. చెప్పులు మాత్రం అతనితో రాలేదు.

పొద్దున్న ఆటో సూరిబాబునీ, మరో ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మావయ్య టీ తాగుతున్నాడు. పక్కన అత్తయ్య నిలబడి ఉంది.

"రాత్రే వచ్చేసేం రా, ఎవరిదో కారు ఇటొస్తుంటే. నువ్వు లేవు. కళ్ళు పెట్టేసేను," అన్నాడు మావయ్య. "మధ్యలో కుక్కేదో వచ్చి డబ్బా తన్నేసి పోయింది."

"కుక్క చెప్పులు వదిలేసెళ్ళిందండి," అన్నాడు సూరిబాబు, గుమ్మం కేసి చూసి.

ధనరాజు చెప్పులు వేసుకుని లోపలికి నడిచాడు. గోడంతా చూస్తోంది. కింద మావయ్య పేరుంది. మూల మనిషికీ కళ్ళున్నాయి. నేరుగా తన కేసే చూస్తున్నాయి. ఆ ఒక్కటీ కూడా మిగల్చలేదన్నమాట, అనుకున్నాడు. ప్రారంభోత్సవానికి ఉండకుండా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మావయ్య మెట్టు తప్పి పడ్డాడు. ధనరాజే అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కాలికి కట్టు కట్టాక డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూశాడు.

"ఈయనకి చూపు పోయి ఐదారేళ్ళయి ఉంటుంది. మీకు తెలీదా?"

దుర్గమ్మ చెంగు సర్దుకుని వరండాలోకి నడిచింది. ధనరాజు వెనకాలే వెళ్ళాడు.

"ఎవరితోనూ అనకు నాయనా. ఆ పేరు మీదే బతుకుతున్నాం," అంది మెల్లిగా.

"మరి ఇన్నేళ్ళూ... గుళ్ళలో..."

"నేనే. ఆయన పక్కన కూచుని, ఇంకా ఎంతమంది అని అడుగుతుంటారు."

ధనరాజు గుండెల్లోంచి ఏదో బరువు దిగిపోయింది. దెయ్యమూ లేదు, మావయ్య మీద కోపమూ లేదు.

"ఆ మూల మనిషికి మాత్రం భలే పెట్టేరండి అత్తయ్యా."

దుర్గమ్మ అతని కేసి వింతగా చూసింది.

"అదేంట్రా. ఆయన్ని నేను ముట్టుకోలేదు. నువ్వడిగేవు కదాని నీకే వదిలేసేను. తెల్లారి లేచి చూద్దును కదా, కళ్ళున్నాయి. మేం అక్కడే నిద్రపోయేక వచ్చి పెట్టుకెళ్ళేవనుకున్నాను. మీ మావయ్యకి చెప్పలేదులే."

వరండాలో ఎవరిదో పేరు పిలుస్తున్నారు. ఎవరూ పలకడం లేదు.

"చూపున్న రోజుల్లో ఆయన కూడా అలా పెట్టలేదురా," అంది దుర్గమ్మ. "నువ్వేగా?"

ధనరాజు కాసేపు ఖాళీ కుర్చీల కేసి చూశాడు.

"ఆయ్," అన్నాడు. "నేనేనండి."